ఎడంపక్క కుర్చీ

“నన్ను ప్యాకింగ్‌లోకి మార్చండి సార్.”

సూపర్‌వైజరు రిజిస్టరులోంచి తలెత్తాడు. “ఆ గదిలో ఒక్కరే ఉండాలమ్మా. పొద్దస్తమానం పలకరించే దిక్కుండదు.”

“ఇక్కడ మాత్రం ఉందేంటి?”

ఆ లాండ్రీలో ఆమె భాష వచ్చింది ఆయనొక్కడికే. ఆయన భోజనం కూడా తన గదిలోనే. మిగతావాళ్లంతా ఒకే చోటునుంచి వచ్చినవాళ్లు. వాళ్ల మాటా, పాటా, కూరల వాసనా అన్నీ వేరు. ఆమె చేరి మూడు నెలలైంది. భర్త పోయి ఐదు నెలలు.

పనిలో ఏ లోటూ లేదు. హోటళ్లనుంచి వచ్చిన దుప్పట్లు ఉతికి ఆరేశాక, ఇద్దరేసి మనుషులు చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. ఆమెకు జోడీ తెల్లజుట్టు పెద్దావిడ. దులపడం, దగ్గరకు రావడం, కొస అందించడం, మళ్లీ వెనక్కి. రోజుకు రెండొందలసార్లు ఇద్దరి వేళ్లూ తగులుతాయి. ఒక్కోసారి పెద్దావిడ ఆ వేళ్లను ఓ క్షణం ఎక్కువే పట్టుకుంటుంది. పొరపాటున అయ్యుంటుందిలే అనుకునేది. ఈమధ్య తనను తాకిన మనుషులు ఇంకెవరూ లేరు మరి.

చిక్కంతా అన్నం దగ్గరే. చేరినరోజు ఆమెను అందరూ మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. పిల్లలెందరని పెద్దావిడ సైగచేస్తే ఒక వేలు చూపించింది. మరి మీ ఆయనో అన్నట్టు పెద్దావిడ లేని మీసం మెలేసింది. ఆమె చెయ్యెత్తి ఆకాశం వైపు చూపించింది. అంతే, బల్లచుట్టూ అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాటినుంచి ఆమె ఎడంపక్క కుర్చీ ఖాళీ.

ఖాళీ అంటే అలాంటిలాంటి ఖాళీ కాదు. కుర్చీలు చాలక వాళ్లలో ఓ పొడుగాయన గోడకానుకుని నిలబడైనా తింటాడు గానీ అందులో కూర్చోడు. పెద్దావిడ రోజూ తడిగుడ్డతో దాన్ని శుభ్రంగా తుడుస్తుంది, ఈమె గాలి సోకిందేమో అన్నట్టు. దానిముందు నిండుగా ఓ గ్లాసు నీళ్లు పెడుతుంది. ఎవరూ తాగరు. నీ హద్దు ఇక్కడిదాకే అని గీత గీసినట్టుండేది ఆమెకు. ఒకసారి తన సంచీ ఆ కుర్చీలో పెడితే, ఎవరో మాటామంతీ లేకుండా తీసి కొక్కేనికి తగిలించారు.

ఆమెకేం కొత్త కాదు. భర్త పోయిన నెలకే, పెళ్లిలో తోటికోడలు “కాస్త వెనక వరసలో కూర్చో అక్కా” అంది. సొంతవాళ్లే అలా అన్నాక పరాయివాళ్లను ఏమనగలదు? భాషలెన్ని ఉన్నా ఈ ఒక్క విషయంలో అందరూ ఒకటేనని సరిపెట్టుకుంది.

సాయంత్రాలు కూతురు ఫోన్ చేస్తుంది.

“మధ్యాహ్నం ఎవరితో తిన్నావమ్మా?”

“అందరం కలిసే తిన్నామే.”

ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. రెండోదాన్ని చూస్తూ కూర్చోలేక పొయ్యి దగ్గరే నిలబడి తినేస్తోందని మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు.

ఇవాళ కొత్తగా చేరిన అమ్మాయి డబ్బా పట్టుకుని, నవ్వుతూ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తన గిన్నె జరిపి చోటిచ్చింది. ఇంతలో పెద్దావిడ పరుగున వచ్చి ఆ అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. అమ్మాయి ఆమెవైపు ఒక్క చూపు చూసి, నిప్పు తొక్కినట్టు లేచి గోడ దగ్గరకు పోయింది. ఆమె గిన్నెకు మూతపెట్టేసింది. తాడోపేడో తేల్చుకోవాలని తిన్నగా సూపర్‌వైజరు గదికి వచ్చేసింది.

అంతా విని ఆయన లేచాడు. “పదండి, వాళ్లనే అడుగుదాం.”

“వద్దు సార్. అడిగి మరీ అనిపించుకోవడం దేనికి?”

“అడక్కుండా ఎన్నాళ్లు దిగమింగుతారు?”

భోజనాల గదిలో పెద్దావిడ మళ్లీ ఆ కుర్చీనే తుడుస్తోంది. సూపర్‌వైజరు వాళ్ల భాషలో కాస్త గట్టిగానే అడిగాడు. పెద్దావిడ బిత్తరపోయింది. చేతిలో గుడ్డ పడేసి, వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని గబగబా ఏదేదో చెప్పుకుపోయింది. పొడుగాయన తల దించుకున్నాడు. కొత్తమ్మాయి ఏడుపు మొహం పెట్టింది.

“ఏమంటోంది సార్? నేను పోతే పీడా విరగడవుతుందనా?”

సూపర్‌వైజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “కొత్తపిల్ల తెలీక కూర్చుంది, మనసులో పెట్టుకోవద్దంటోంది. ఏడాది తిరిగేదాకా అందులో ఎవర్నీ కూర్చోనివ్వనంటోంది.”

“ఎందుకట?”

ఆయన ఆ కుర్చీ ముందున్న నీళ్ల గ్లాసు చూపించాడు.

“అది మీ ఆయన కుర్చీ అట.”