షెడ్డులో మాడిన ఆయిలు వాసన

మార్చి తొమ్మిది, ఆదివారం. అమ్మాయీ, నోటితో చెబితే నా కొడుకు చెవిన పడుతుందని ఈ కార్డు రాసి, వాడు ఎన్నడూ మూత తియ్యని పప్పు డబ్బాలో పెడుతున్నాను.

మీ మామగారు పోయాక ఆయన కారు ఎవరూ తీయలేదనే అనుకున్నాను. అయినా ఈమధ్య నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి షెడ్డులో మాడిన ఆయిలు వాసన, అచ్చం ఆయన చొక్కాల వాసన. "నాన్న తిరుగుతున్నాడమ్మా" అని వాడు వణికాడు. నేనూ సగం నమ్మాను.

నిన్న నువ్వు బజారుకు వెళ్లినప్పుడు మెకానిక్‌ను పిలిపించాను.

"ఇంజన్ కారడం లేదమ్మా. ఎవరో కొత్త ఆయిలు పోస్తూ ఒలకబోశారు. బండి తీసినప్పుడల్లా అది వేడికి మాడుతోంది."

"దయ్యం కాదు గదా?"

"దయ్యమైనా గరాటు పెట్టి పోస్తే ఇంత వాసన రాదమ్మా."

డ్రైవరు సీటు నీ పొడుగుకు సరిపోయేలా ముందుకు జరిపి ఉంది. వెనక పిల్ల బట్టల సంచి ఉంది. నీ మెడ మీద కమిలిన వేళ్ల గుర్తులు నేను చూస్తూనే ఉన్నాను.

"షెడ్డులో తిరిగేది మీ నాన్నే, అటు పోకు" అని వాడితో చెప్పాను. వాడు పోడు.

ఇక జరగవలసినవి:

1. రేపు మెకానిక్ బ్రేకులు చూస్తాడు. అంతవరకు కారు తీయకు.

2. బుధవారం వాడు పనికి వెళ్లగానే పిల్లను తీసుకుని మీ అక్క ఇంటికి బయలుదేరు. ఈ కార్డు పొయ్యిలో వెయ్యి.

3. తరువాత తిరిగి రమ్మని నేను ఉత్తరం రాస్తే రాకు. అక్షరాలు నావే అయినా, పక్కన నిలబడి రాయించేది వాడు.