ఇద్దరివే పడ్డాయి

“ఇద్దరివే పడినాయి మావా. మూడోది ఏటైనట్టు?”

జ్ఞానసుందరి ఫోను తెచ్చి మొగుడి ముఖం ముందు పెట్టింది. ఆటో టైరుకి గాలి చూసుకుంటున్న జయకర్ తలెత్తి బ్యాంకు మెసేజీ రెండుసార్లు చదివాడు. బడులు తెరిచాక సర్కారు తల్లుల ఖాతాల్లో వేసే చదువు డబ్బులు అవి. పిల్లకి ఇంత అని లెక్క. ఆ ఇంట్లో బడికి వెళ్లేవాళ్లు ముగ్గురు. జీవన్, స్తుతి, అందరికంటే చిన్నవాడు గౌతమ్. కిందటేడు ముగ్గురివీ వచ్చాయి.

“ఎవుల్ది ఆగిపోనాది?”

“స్తుతిది. పొద్దున్న బడికాడ మేస్టార్ని అడిగినాను.”

జయకర్ మళ్లీ టైరు మీదికి వంగాడు. “వచ్చినకాడికి సాలు. ఒగ్గీ. దాని సంగతి కదిపితే మళ్లీ కాగితాలు తెమ్మంతారు.”

అతని భయం అతనిది. తుఫానులో స్తుతి కాగితం ఒక్కటీ మిగల్లేదు. ఆ పిల్ల పేరు ఎక్కించడానికి కిందటేడు పాస్టరు గారి ఉత్తరం పట్టుకుని అతను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

జ్ఞానసుందరి మాత్రం వదల్లేకపోయింది. స్తుతి ఈ ఏడే హైస్కూలుకి మారింది. బడి దూరం. సైకిలు కొంటానని ఆమె మాటిచ్చింది. గుమ్మంలో జడ వేసుకుంటున్న పిల్ల ఇదంతా వింటూనే ఉంది.

“సైకిలు ఇప్పుడేలమ్మా? నడిసెల్తాను.”

అలిగి అన్నా బాగుండేది. మామూలుగా అంది.

పలాసలో జ్ఞానసుందరి పనిచేసే జీడి ఫ్యాక్టరీలో ఆ రోజంతా ఇదే కబురు. “బడికి నాగాలు పెట్టుంటాది గుంట” అందొకావిడ. స్తుతి జ్వరమొచ్చినా బడి మానే పిల్ల కాదు. “కరెంటు ఎక్కువ కాలిసుంటారు, అందుకే ఆపీసుంటారు” అంది ఇంకొకావిడ. ఆ ఇంట్లో ఉన్నది రెండు బల్బులు, ఒక ఫ్యాను. పక్కన కూర్చుని పప్పు వలుస్తున్న పైడితల్లి మాత్రం జ్ఞానసుందరి చెయ్యి తిప్పి చూసింది.

“నీ ఏళ్లు సూసుకున్నావా వదినా? జీడి పిక్కల రసానికి గీతలన్నీ అరిగిపోనాయి. స్తుతికి ఏసినప్పుడు నీ ఏలిముద్ర మిషనుకి ఆని ఉండదు.”

ఇది నిజమే అయి ఉంటుందనిపించింది. మర్నాడు పనికి సెలవు పెట్టి, వేళ్లకి కొబ్బరినూనె రాసుకుని, తమ ఊరు సుమ్మాదేవి నుంచి జయకర్ ఆటోలోనే గ్రామ సచివాలయానికి వెళ్లింది. జయకర్ లోపలికి రానన్నాడు.

లోపల ధనుంజయ అనే కుర్రాడు ఉన్నాడు. టెక్కలి వైపు నుంచి కొత్తగా వచ్చాడు, ఊళ్లో ఎవరినీ ఎరగడు. ఆధార్ నంబరు కొట్టి కాసేపు చూశాడు.

“మీ వేలిముద్రతో ఇబ్బందేం లేదమ్మా. డబ్బులు ఆగలేదు కూడా. వేరే ఖాతాకి వెళ్లాయి.”

“ఏరే ఖాతా ఏటి బాబూ?”

“ఈ పాపకి తల్లి అన్నచోట మీ పేరు లేదు. ఇచ్ఛాపురంలో ఎవరో ఒకావిడ కిందటి నెల వేలిముద్ర వేసింది. డబ్బులు ఆవిడకి పడ్డాయి. పేరు శిరీష. మీకు తెలిసినావిడా?”

జ్ఞానసుందరి బల్ల అంచు పట్టుకుంది.

“ఒకలి ఏలిముద్ర ఇంకొకలు ఎయ్యడానికి అవుతాదా?”

“అవదమ్మా. ఎవరిది వాళ్లే వెయ్యాలి.”

“కిందటి నెలే ఏసిందా?”

“ఇదిగో, ఇక్కడుంది. కంగారు పడకండి. అర్జీ పెడితే విచారణకి వస్తారు. తప్పని తేలితే ఆవిడ పేరు తీసేసి మీ పేరు పెడతారు. మీ డబ్బులు మీకొస్తాయి.” కాగితం ముందుకు తోశాడు. “రాయమంటారా?”

“వద్దు బాబూ.”

ధనుంజయ వింతగా చూశాడు. ఇలా అన్నవాళ్లని అతను ఇంతవరకు చూడలేదు.

“ఒక్క మాట సెప్పు. ఆ డబ్బులు ఎవులివో ఆవిడికి తెలుస్తాదా?”

“అక్కడ అడిగితే చెప్తారు. పాప పేరు, బడి, ఊరు అన్నీ ఉంటాయి.”

“అడిగుంటాదా?”

“నాకెలా తెలుస్తుందమ్మా!”

ఇచ్ఛాపురంలో ఆవిడ ఉండే వీధి చిరునామా మాత్రం చెప్పించుకుని లేచింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి మెట్లు దిగింది, మళ్లీ వెనక్కి వెళ్లి వేసుకుంది.

జయకర్ ఆటోలోంచి దూకినట్టే దిగాడు. “ఏటన్నారు?”

“డబ్బులు ఇచ్ఛాపురంలో ఒకావిడికి ఎల్లిపోనాయంట. అది తల్లినని ఏలిముద్ర ఏసినాదంట.”

“ఎవుర్తది? అర్జీ పెట్టినావా?”

“నేదు.”

“నేదా? ఎవుర్తో వచ్చి మన గుంటకి తల్లినంటే నోరు మూసుకుని వచ్చేసినావా? నువ్వుండు, నాను రాయిత్తాను.”

మెట్లెక్కబోతున్నవాడి చొక్కా పట్టుకుని ఆపింది.

“అర్జీ వద్దు. బండి తియ్యి. ఇచ్ఛాపురం పోదాం.”

“ఎల్లి? దాంతో కొట్లాడతావా?”

ఆమె తల అడ్డంగా ఊపి ఆటో ఎక్కింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో జయకర్‌కి అంతుపట్టలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమెని అలా చూడలేదు. బండి తియ్యకుండా వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

“ఏటైందో సెప్పవే సుందరీ.”

“తుఫానులో పోనాదనుకున్నాం గానీ, స్తుతిని కన్న మా సెల్లి శిరీష బతికే ఉన్నాది మావా.”