దక్షిణం కిటికీ

కిటికీ అవతల కంప కొడుతున్న చప్పుడు వినగానే అంకారావుకు ఒళ్లు మండింది.

"మళ్లీ వచ్చాడు," అనుకున్నాడు.

ఇంటికి దక్షిణాన ఖాళీ స్థలం. ఒకప్పుడు పత్తిచేను, ఇప్పుడు ప్లాటు. దాని యజమాని జాన్ బాషా గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. నెలకోసారి పాత బండి మీద వచ్చి, మొలిచిన తుమ్మకంపంతా కొట్టి, మోపు కట్టి తీసుకుపోతాడు.

అందులో ఒళ్లు మండడానికేముంది అంటారా? ఉంది. శుభ్రం చేసేవాడు ఏదో ఒకరోజు పునాది తీస్తాడు. పునాది తీస్తే గోడ లేస్తుంది. గోడ లేస్తే ఈ కిటికీలోకి గాలి రాదు.

అది గాలి కోసమే కట్టిన ఇల్లు.

అంకారావు భార్య లక్ష్మీదుర్గ హైస్కూల్లో సైన్సు చెప్పేది. ఆయాసం మనిషి. తలుపులు బిగించి ఏసీ వేస్తే ఊపిరాడేది కాదు. అందుకని దక్షిణాన మంచం ఎత్తులో పెద్ద కిటికీ, ఎదుటి గోడకు కప్పు కింద వెంటిలేటర్లు పెట్టించింది. చల్లగాలి కిందనుంచి వస్తుంది, వేడిగాలి పైనుంచి పోతుంది. మిద్దె మీద సగం తెల్ల టైల్స్, సగం సోలార్ ప్యానెళ్లు.

"దక్షిణం అంత తెరవకూడదమ్మా, వాస్తు ఒప్పుకోదు," అన్నాడు మేస్త్రి.

"పైరగాలి వచ్చేది అటునుంచే. దానికి వాస్తు తెలీదుగా?" అందావిడ.

మే నెలలో కూడా ఆ ఇంటికి ఒక్క ఫ్యాను చాలేది. వాడగా మిగిలిన కరెంటు లైన్లోకి వెళ్లేది. కరెంటాఫీసులో చేసి రిటైరైన అంకారావు ఆ సంగతి వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆవిడ పోయి మూడు ఎండాకాలాలు దాటాయి.

కరెంటు ఇప్పుడూ మిగులుతోంది, వాడే మనిషి లేక.

సాయంత్రం గాలి తిరిగి, ఖాళీ మంచం మీది దుప్పటి అంచు కదిలితే, ఆవిడ ఇటు ఒత్తిగిల్లినట్టే ఉంటుంది. అంకారావుకు మిగిలిన తోడు అదొక్కటే. దానికి అడ్డం వచ్చేవాడెవడైనా శత్రువే.

"నమస్తే అండి!" చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు జాన్ బాషా.

"ఆఁ."

"గాలి బాగా ఆడుతోందాండీ?"

"ఆడకేం?"

"అమ్మగారెట్టా ఉన్నారండీ?"

వచ్చిన ప్రతిసారీ ఇదే అడుగుతాడు. పోయిందని చెప్పడానికి మొదటిసారి అంకారావుకు నోరు రాలేదు. రెండోసారి, చెబితే కూర్చుని ఓదారుస్తాడేమోనని భయమేసింది. ఆ తర్వాత చెప్పడం మరీ ఎబ్బెట్టయిపోయింది.

"బాగానే ఉంది. పడుకుంది."

"అయ్యో, అయితే చప్పుడు చెయ్యనులెండి." జాన్ బాషా గొంతు తగ్గించాడు. దోమల జాలీ వెనక మంచం అతనికి కనపడదు.

"ఇంతకీ ఇల్లు కట్టేదెప్పుడు?"

"చూద్దామండీ. తొందరేముంది?"

"కంప ఇక్కడ తగలబెట్టకండి. పొగొస్తుంది."

"ఎప్పుడన్నా తగలబెట్టానాండీ?"

నిజమే, ఎప్పుడూ తగలబెట్టలేదు. అంకారావు లోపలికి వెళ్లిపోయాడు. అంత ఎండలో మనిషిని, మంచినీళ్లు కావాలా అనైనా అడగలేదు.

వానలు మొదలయ్యాయి. జాన్ బాషా రాలేదు.

పీడా పోయిందనుకున్నాడు అంకారావు. తుమ్మకంప మాత్రం ఎవరికోసమూ ఆగదు కదా, కిటికీ ఎత్తుకు పెరిగింది. దుప్పటి అంచు కదలడం మానేసింది. అప్పుడు బండి చప్పుడు కోసం చెవులు రిక్కించడం మొదలుపెట్టాడు. నెలకోసారైనా తనను పలకరించిన మనిషి అతనొక్కడేనని అప్పుడు గుర్తొచ్చింది.

మిరపకాయలు కళ్లాల్లో ఎండే రోజుల్లో ఆ పాత బండి వచ్చి ఆగింది. అంకారావు చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరుగెత్తాడు.

దిగింది జాన్ బాషా కాదు, ఎవరో యువకుడు.

"నా పేరు సైదా అండి. జాన్ బాషా గారబ్బాయిని."

"నాన్న రాలేదేం?"

"వానాకాలంలో పోయారండీ. గుండెపోటు."

అంకారావు గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇల్లు మొదలుపెడదామనుకుంటున్నామండీ. అమ్మగారిని అడక్కుండా గునపం వెయ్యొద్దని నాన్న మాట. మీ కిటికీ వైపు ఎడం వదిలే కడతాం. ఒక్కసారి అమ్మగారిని పిలుస్తారా?"

"ఆవిడనెందుకు అడగడం?"

"మీకు తెలీదాండీ? పదేళ్లనాడు ముగ్గు పోసి పునాదికని వస్తే, అమ్మగారు ఈ కిటికీ పట్టుకుని ఊపిరందక కొట్టుకుంటున్నారంట. నాన్న అది చూసి కూలీల్ని వెనక్కి పంపించేశాడు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ గోడ లేపేది లేదన్నాడు. మా అమ్మ ఎంత పోట్లాడినా వినలా. ఆఖరికి కంప కూడా గాలికి అడ్డమని పెరగనిచ్చేవాడు కాదు."

ఇన్నాళ్లూ నోటికి రాని మాట అంకారావు ఇప్పుడు అనేశాడు.

"ఆవిడ లేదు బాబూ. పోయి మూడేళ్లు దాటింది."

సైదా అర్థం కానట్టు చూశాడు.

"మరి పోయిన ఎండాకాలం కూడా బాగున్నారని చెప్పారంటగా?"

"చెప్పాను."

కోప్పడతాడనుకున్నాడు అంకారావు. కోప్పడితే బాగుండుననుకున్నాడు.

సైదా కోప్పడలేదు. కిటికీ వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"మాది రేకుల అద్దె ఇల్లండీ. ఆఖరి ఎండాకాలం ఆ వేడికి ఒంటి మీద తడిగుడ్డ కప్పుకుని పడుకుని కూడా, 'పోనీలేరా, ఈపాటికి అమ్మగారికి గాలి ఆడుతుంటుంది' అనేవాడు నాన్న."