బూజు ఎరువు దొంగ

పొద్దుగాల సూస్తె చేన్ల నా ఎరువు కుప్ప సగం మాయం! బోధన్ల కొన్న మంచి బూజు పొడి పెంటల కలిపి, తడి గోనెసంచి కప్పి, పదిహేను దినాలు మాగవెట్టిన. కూరగాయల వేర్లకు బుడిపెలు తెచ్చే పురుగును గా బూజు గుడ్లతో సహా తింటది.

“నా ఎరువు ఎవడెత్కపోయిండు?” రెండు చేన్ల నడిమి ఒడ్డు మీద నిలవడి లొల్లి వెట్టిన.

పక్క చేను మా అన్న గంగారాంది. వేర్లకు బుడిపెలొచ్చి ఆయన వంగతోట సగం వాడిపోయింది. మొక్కల మొదట్ల గబగబ మట్టి కప్పుతున్నడు.

“నీ బూజు ఎవనికి గావాలెరా!” అన్నడు.

“దొరికితే కాళ్లిరగ్గొడ్త!”

ఇంటికొస్తె మా ఆమె పట్టుకుంది. “మనకున్నదంత చెరుకేనాయె. గా ఎరువెందుకు జేసినవ్?”

“తమ్ముడు చేతికిస్తె అన్న తీసుకుంటడానే? మిగిలిన సగం ఒడ్డుకు ఇంకింత దగ్గర వెడ్త. రేపు నువ్వు గూడ వచ్చి గట్టిగ తిట్టు.”