పేరు చెరిపిన విమానం

"అందరూ బతికారు! నలభై ఎనిమిది మందీ దిగేశారు!" అని బల్గేరియాలోని వర్నా విమానాశ్రయం నుంచి ఫోన్ రాగానే ఎగిరి గంతేశాను. మా విమాన కంపెనీ తరఫున పత్రికలకు ఆ మాట రాసి పంపింది నేనే.

ఫొటోగ్రాఫర్లు రాకముందే విమానం మీది కంపెనీ పేరును తెల్లరంగుతో కప్పేయాలి. ప్రమాదం జరిగితే కంపెనీలన్నీ చేసేదే అది. రంగు వేసేది జివ్కో, పన్నెండు రోజుల కిందట పెళ్లాడిన నా మొగుడు. ఆ రాత్రి దీపం పట్టడానికి నేనూ వెళ్లాను. రన్‌వే దాటి బురదలో దిగబడిన ఆ విమానంలోనే, పద్నాలుగో వరుసలో, మేం మొదటిసారి కలిసినప్పుడు అతను నా మీద చెర్రీ రసం ఒలకబోశాడు. ఆ గౌను ఇప్పటికీ ఉతకలేదు.

"ఇవాళ రంగు ఒలకబోయకండి, మొగుడుగారూ!"

"దీపం కదపకు, పిచ్చిపిల్లా."

నవ్వుతుండగా విమానం లోపల గంట మోగింది. ప్రయాణికులు ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచే గంట అది. నిచ్చెన మీద జివ్కో బ్రష్ ఆగింది.

"బ్యాటరీలు తీసేశారుగా?" అన్నాను.

"సాయంత్రం నేనే మోసుకెళ్లాను."

గంట మళ్లీ మోగింది, మెల్లగా, ఓపిగ్గా. కిటికీలన్నీ చీకటిగానే ఉన్నాయి.

"లోపల ఎవరూ లేరని రేపు తొమ్మిదింటికి పత్రికలవాళ్ల ముందు ప్రకటన చదవాల్సింది నువ్వేగా?" అన్నాడు గుసగుసగా.

"పొద్దున్నే పోలీసులు తలుపుకు వేసిన సీలు వాళ్ల చేతే తీయిస్తాను. ప్రతి సీటూ చూశాకే చదువుతాను."