కొండమ్మ రాయి

"పైకి దారి లేదండీ. కొండ సగం తవ్వేశారు. తవ్వేవైపు గేటు పెట్టి ఎవర్నీ రానివ్వట్లేదు. ఇటు మిగిలిన రాళ్ళ మీంచి మనిషన్నవాడు ఎక్కలేడు" అన్నాడు కొండ కింద కొబ్బరికాయలమ్మే పాపారావు.

కలిదిండిలో చేపల చెరువులున్న నరసరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అవతల ఏలూరు ఆసుపత్రిలో భార్య గంగాభవాని మొండికేసి కూర్చుంది. కొండమ్మ రాయి మీది కుంకుమ నుదుట పెడితే తప్ప ఆపరేషన్‌కి వెళ్ళనంది. సాయంత్రం దాటితే తన పూచీ లేదన్నాడు డాక్టరు. అందరూ తలో మాటా చెప్పి చూశారు. ఆవిడ వింటేనా. పోనీ కిందే ఇంత కుంకుమ కొని పట్టుకుపోదామా అంటే, ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ దగ్గర అతని అబద్ధం ఒక్కటీ నిలబడలేదు.

పంచె ఎగ్గట్టి రాళ్ళ మీదికి పాకాడు. తాటిచెట్టును మించిన ఎత్తు చూడని కొల్లేటి మనిషి. ఒకపక్క కోసేసిన కొండ, ఇంకోపక్క లోయ, మధ్యన వెన్నుపూసలా మిగిలిన బండల వరస. మోకాళ్ళు దోక్కుపోయాయి. ఒక చెప్పు జారి లోయలో పడితే, కోపం పట్టలేక రెండోది తనే విసిరేశాడు. కాలు జారినప్పుడల్లా ఓ తిట్టు. తవ్వినవాణ్ణి తిట్టాడు, తవ్వుతుంటే చూస్తూ ఊరుకున్న ఊరివాళ్ళని తిట్టాడు, ఇంత మొండి పెళ్ళాన్ని ఇచ్చినందుకు పోయిన మామగారిని కూడా వదల్లేదు. భయంగా ఉందని మాత్రం ఒప్పుకోలేదు.

ఎట్టకేలకు పైకి చేరాడు. కొండమ్మ రాయి ఉండాల్సిన చోట ఎర్రటి గొయ్యి ఉంది. పక్కనే పొక్లెయిన్ నీడలో దాని ఆపరేటరు అన్నం తింటున్నాడు. నరసరాజు వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు.

"అమ్మవారి రాయేదిరా?"

"మొన్ననే తీసేశామండీ. పగలగొట్టి టిప్పర్లకెత్తేశాం. నేను వద్దనే అన్నానండీ, కాంట్రాక్టరు వినలేదు."

నరసరాజు అతని చొక్కా వదిలేసి గొయ్యి అంచుకి వెళ్ళాడు. ఏ మొహం పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి? ఏడుపు రావాల్సిన చోట కోపమే వచ్చింది. గోతిలోంచి గుప్పెడు మట్టి తీసి ఆకాశంలోకి విసిరాడు.

"అమ్మినవాడి సంగతి అమ్మే చూసుకుంటుంది. కొన్నాడే, వాడి ఇంట దీపం పెట్టే ఆడది లేకుండా పోవాలి. ఈ కొండ మీద నిలబడి అంటున్నాను."

ఆపరేటరు తింటున్న అన్నం పక్కన పెట్టి లేచాడు.

"అంత మాట అనకండి బాబూ, తథాస్తు దేవతలుంటారు. ఇదేం రాయో పాపం ఆయనకేం తెలుసు? చెరువు గట్టు తెగిపోతోందని తోలించుకున్నారు, కలిదిండి నరసరాజు గారు."