ఆవగింజల కాపలా

ఆ పుట్టకు మూడు గుమ్మాలు. తూర్పు గుమ్మంలో ఎండ మాడుస్తుంది, పడమటి గుమ్మంలో జల్లు కొడుతుంది, ఉత్తరం వైపు మాత్రం హాయి. ఎవరిని ఎక్కడ ఎన్నాళ్లు కాపలా ఉంచాలో తేల్చడానికి దళపతి గండుచీమ మూడు ఆవగింజలు పెట్టుకుని అటూ ఇటూ మార్చి చూసింది. వారానికోసారి చోటు మారితే ఎవరికీ అన్యాయం జరగదని తేలింది.

మార్పు జరిగిన మొదటి రోజే ఎర్రచీమలు చొరబడి గుడ్లు ఎత్తుకుపోయాయి. మూడు గుమ్మాల్లోనూ కాపలా లేదు!

“నా గింజలతో ఎన్నిసార్లు మార్చినా ఒక్క గుమ్మమూ ఖాళీ కాలేదే!” అని దళపతి వింతపడింది.

“ఏదీ, ఇంకోసారి మార్చండయ్యా, చూస్తాను,” అంది తూర్పు గుమ్మం ముసలిచీమ.

దళపతి తూర్పు గింజను తీసి పడమట పెట్టింది.

“అంతేనా? మాకు అక్కడికి ఒక పూట నడక.”

దళపతి ఆ గింజను నోట కరుచుకుని తూర్పు గుమ్మం నుంచి పడమటికి తనే నడిచి చూసింది. చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

మర్నాడు గింజల వరసలో నాలుగోది చేరింది.

“ఇదెవరయ్యా?” అని అడిగింది ముసలిచీమ.

“నేను. ఇకమీదట ఒకరి తర్వాత ఒకరు కదలండి. ఖాళీ అయిన గుమ్మంలో నేనుంటాను.”